తెల్లరాతి షరతులు

మూడు రాతి ముక్కల మీద మూడు నిమ్మచెక్కలు బోర్లించి, గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. రాళ్ళ షాపాయన నమూనాకని ఇచ్చిన ముక్కలవి, అరచేయంత ఉంటాయి. ఒకటి నల్ల గ్రానైటు, ఒకటి బూడిదరంగు గ్రానైటు, ఒకటి పాలరాయి. పది నిమిషాల తర్వాత చెక్కలు తీసి తడిగుడ్డతో తుడిచాను. నల్లది నల్లగానే ఉంది. బూడిదది బూడిదగానే ఉంది. పాలరాయి మీద మాత్రం నిమ్మచెక్క అంచు మేరకు, నునుపు పోయి, గరుకుగా ఒక వలయం మిగిలింది. వేలితో రుద్దాను, పోలేదు. సబ్బుతో రుద్దాను, పోలేదు. అది మరక కాదు, రాయి కరిగిన చోటు.

"వంటిల్లా, ప్రయోగశాలా?" అన్నారు మావారు, కాఫీ కప్పు గట్టు మీద పెడుతూ. "ఆదివారం వెళ్ళి తెల్లది చెప్పి వచ్చేద్దాం. అమ్మకీ అదే నచ్చింది."

ఆయన వెళ్ళిపోయారు. కప్పు కింద కాఫీ గుండ్రంగా మిగిలింది. తుడిచాను.

పదకొండేళ్ళుగా ఈ గట్టు తుడుస్తున్నాను. రెండు పలకలు కలిసేచోట సన్నని సందు ఉంది. పిండీ నూనే అందులోకి దిగి నల్లగా గట్టిపడతాయి. వారానికోసారి జడపిన్నుతో గీరి తీస్తాను. పొద్దున్న తుడుస్తాను, వంటయ్యాక తుడుస్తాను, ఎవరో రొట్టె కోసుకుని వెళ్ళాక తుడుస్తాను, పడుకోబోయే ముందు ఇంకొక్కసారి తుడుస్తాను. తుడిచిన గట్టు ఎవరికీ కనపడదు. తుడవని గట్టు అందరికీ కనపడుతుంది. "గట్టు అలా ఉందేమిటి అమ్మాయ్?" అని అత్తయ్య. "ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?" అని ఆయన. వచ్చినవాళ్ళు ఏదో ఒకటి అనుకుంటారు, ఎవరూ తుడిచిపెట్టి పోరు. అందుకే, పాత పలక పగిలి కొత్తది వేయించక తప్పదని తేలినప్పుడు నేను రంగు కోరుకోలేదు, మెరుపు కోరుకోలేదు. మరక పడినా మర్నాటిదాకా ఓర్చుకునే రాయి కావాలనుకున్నాను. మాటిమాటికీ నన్ను పిలవని రాయి.

నేను నీటి పరీక్షల కేంద్రంలో పనిచేస్తాను. సీసాల్లో నీళ్ళు వస్తాయి. వాటిలో ఏముందో చూసి, తాగవచ్చనో తాగకూడదనో రాసి సంతకం పెడతాను. నేను కాదంటే ఒక వీధికి వీధి కుళాయిలు కట్టేస్తారు. అదే కేంద్రంలో సమావేశం మొదలుకాగానే మా పై అధికారి చల్లగా నవ్వి, "మీ చేతి కాఫీ రుచే వేరు మేడమ్" అంటారు. తొమ్మిది మంది మగవాళ్ళ మధ్యలోంచి లేచేదాన్ని నేనే. కప్పులతో తిరిగి వచ్చేసరికి నేను చెప్పవలసిన మాట ఇంకెవరో చెప్పేసి ఉంటారు. నా మాట మీద ఊరంతా నీళ్ళు తాగుతుంది. ఇంట్లో నిమ్మకాయ గురించి చెబితే మాత్రం ఎవరి గొంతూ దిగదు.

శనివారం భోజనాల దగ్గర పాలరాతి ముక్కను వాళ్ళ మధ్య పెట్టాను. వలయం దీపం వెలుగులో స్పష్టంగా కనపడుతోంది.

"పది నిమిషాలు ఉంచితే అవదూ మరి?" అన్నారు మావారు. "పడగానే తుడిచేస్తే సరి. అదేమంత పని?"

అదేమంత పని. ఈ ఇంట్లో ఏ పనికీ వేరే పేరు లేదు. పక్క దులపడం, అత్తయ్య మందులు గుర్తుపెట్టుకోవడం, పాల గిన్నె దగ్గర కాపలా కాయడం, అన్నీ అదేమంత పనులే. ఒక్కొక్కటీ ఆవగింజంత, నిజమే. ఆవగింజల బస్తా ఎంత బరువుంటుందో మోసేవాళ్ళని అడగాలి. ఎవరూ అడగరు, నేనూ చెప్పను. చెబితే గోరంతను కొండంత చేశానంటారు.

అత్తయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది.

"నా కాపురం అంతా చీకటి కొట్టంత వంటింట్లో గడిచింది అమ్మాయ్. గోడలు నలుపు, గట్టు నలుపు, నా చేతులు నలుపు. కొడుకింట్లోనైనా తెల్లటి వంటిల్లు చూడాలనుంది."

నాకు భయం వేసింది. ఆవిడ వెలుగును కాదంటే రాక్షసినవుతాను, అవునంటే ఇంకో ఇరవై ఏళ్ళు గుడ్డనవుతాను.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం రాళ్ళ షాపుకు వెళ్ళాం. పెద్ద రేకుల కొట్టం. పలకలు అరలో పుస్తకాల్లా నిలువుగా ఆనించి ఉన్నాయి. ఒక మూల కోత యంత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, దాని కింద తెల్లటి బురద నీళ్ళు కాలువ కడుతున్నాయి. కోత మేస్త్రీ చెవి మీద నీలం సుద్ద ఉంది. పలక మీద గీత పడ్డాక కోతే, కోశాక వాపసు లేదని గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టారు.

"నల్లది తీసుకుందామండీ" అన్నాను, యంత్రం ఆగిన క్షణం చూసి.

"మళ్ళీ మొదలుపెట్టావా? రాత్రే అనుకున్నాం కదా."

అనుకున్నది మీరు, అని పెదవి దాకా వచ్చింది. ఈలోగా ఆయన ఆర్డరు కాగితం మీద సంతకం గీకేశారు. షాపాయన ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి, ఇంకో కాగితం తీసి, ఎవరినీ అడగకుండా నా వైపు జరిపాడు.

"ఇది అమ్మగారిది."

"నాదేమిటి?"

"సంరక్షణ కాగితమమ్మా. పాలరాయి తీసుకున్నవాళ్ళందరిచేతా పెట్టిస్తాం. తర్వాత మచ్చలు పడ్డాయని మా మీదకొస్తున్నారు. ఆర్డరు మీద సార్లు పెడతారు, దీని మీద మేడమ్‌లు పెడతారు. మా దగ్గర మొదట్నించీ అంతే."

చదివాను. పుల్లటి పదార్థం ఏది ఒలికినా ఆ క్షణమే తుడవవలెను. తడి పాత్ర నేరుగా పెట్టరాదు. వేడి పాత్ర అసలే పెట్టరాదు. రోజుకు రెండుసార్లు మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దవలెను. ఆరు నెలలకొకసారి రాతి రంధ్రాలు మూసే పూత పూయవలెను. ఇలా తొమ్మిది షరతులు. చివర, "పై పనులన్నియు క్రమము తప్పక చేయుదునని అంగీకరించుచున్నాను" అని రాసి, కింద ఒక ఖాళీ గీత. పదకొండేళ్ళలో నా పనిని అచ్చులో చూడటం అదే మొదటిసారి. ఇక్కడ ఇది అదేమంత పని కాదు. దీనికి అంకెలున్నాయి, వేళలున్నాయి, తప్పితే శిక్ష కూడా ఉంది. లేనిది చేసేవాళ్ళ పేరు ఒక్కటే.

"పెట్టెయ్, ఆలస్యమవుతోంది" అన్నారు మావారు.

"నేను పెట్టనండీ."

"ఊరికే లాంఛనం!"

"లాంఛనమైతే మీరు పెట్టండి."

"అందరి ముందూ ఏమిటిది?" ఆయన గొంతు తగ్గింది, కళ్ళు పెద్దవయ్యాయి. ఆ చూపుకు నేను ఎన్నోసార్లు తల దించాను. ఈసారి కలం ఆయన ముందు పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఇదీ ఒక గొడవేనా?" అని కాగితం లాక్కున్నారు. సంతకం పెట్టబోతూ, అందరూ చూస్తుండగా చదవకుండా పెడితే పరువు తక్కువనిపించిందేమో, మొదటి షరతు దగ్గర ఆగారు.

"ఆ క్షణమే అంటే ఎంతసేపట్లో?"

"ఆ క్షణమే అంటే ఆ క్షణమే సార్. గుడ్డ చేతిలో ఉండాలి."

"నేను ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఏడింటికి గానీ రానయ్యా."

"అందుకే కదండీ మేడమ్‌ల చేత పెట్టించేది."

"ఆవిడా ఎనిమిదింటికే వెళ్తుంది" అన్నారు మావారు.

అని, ఆగిపోయారు. తన నోటి నుంచి వచ్చిన మాటను తానే మొదటిసారి విన్నట్టు నా వైపు చూశారు. నేను సాయం చేయలేదు. నవ్వి తేలిక చేయలేదు.

"ఏదీ, ఇలా ఇవ్వరా" అంది అత్తయ్య. కళ్ళజోడు సర్దుకుని తొమ్మిది షరతులూ పెదవులు కదుపుతూ చదివింది. చాలాసేపు పట్టింది. యంత్రం మళ్ళీ అరిచి, మళ్ళీ ఆగింది.

"మాకు ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదురా" అంది చివరికి. "ఇచ్చుంటే నేనూ చదివేదాన్ని."

ఆ కాగితాన్ని కొడుకు చేతిలోనే పెట్టి, వెళ్ళి తెల్లపలక ముందు నిలబడింది. ఒక్కసారి తడిమింది. పక్కనున్న నల్లదాన్నీ తడిమింది.

కోత మేస్త్రీ చెవి మీది సుద్ద చేతిలోకి తీసుకున్నాడు. "ఎండ ముదురుతోందమ్మా. గీత పడేదాకా మార్చుకోవచ్చు. ఏ పలక మీద గియ్యమంటారు?"

అందరూ నన్నే చూశారు. 'మీ ఇష్టం' అన్న మాట అలవాటు కొద్దీ నాలుక కొసదాకా వచ్చింది. మింగేశాను.

"మా అత్తయ్యనీ మావారినీ అడిగి గియ్యండి" అన్నాను. "నల్లదైతే తుడవడానికి నేనూ ఆయనా వంతులు వేసుకుంటాం. తెల్లదైతే, ఆ కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ళ చేతిలోనే గుడ్డ."