నడిమధ్యకు కాస్త పక్కగా

పళ్ళు తోముకుంటూనే కుండీలన్నిటినీ ఒకసారి వేలితో తడిమి చూడటం అతని అలవాటు. డాబా మీద పిట్టగోడ వెంబడి చెక్కబల్లలు, వాటి మీద మట్టికుండీలు, ఒక్కో కుండీలో ఒక్కో ముళ్ళమొక్క. కొన్నిటికి కొక్కేల్లాంటి ఎర్రటి ముళ్ళు, కొన్ని తెల్లటి నూగులో ముడుచుకుపోయినవి, కొన్ని బొటనవేలు లావున స్తంభాల్లా నిలబడ్డవి. ఏది గట్టిగా ఉందో, ఏది లోలోపల మెత్తబడుతోందో అతని చూపుడువేలికి తెలుస్తుంది. చివరి కుండీలో ఉన్నదానికి అసలు ముళ్ళే లేవు. బూడిద రంగులో, నెత్తిన నాలుగైదు పగుళ్ళతో, చుట్టూ ఉన్న కంకరలో అదీ ఒక రాయిలా ఉంటుంది. దాని మీద వేలు పెట్టాడు. ఒకవైపు వేలు లోపలికి దిగింది.

బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది.

మేనకోడలు బడిలో చేరిన ఏడాది చల్లిన గింజ ఇది. ఆ పిల్ల చదువు ముగించింది, పెళ్ళి చేసుకుంది, ఈమధ్యే ఆమె కూతురికి పళ్ళొచ్చాయి. ఇది మాత్రం ఇప్పటికి రేగుపండంత అయింది. ఆనాటి పొట్లంలోని గింజల్లో మొలిచి మిగిలింది ఇదొక్కటే. ఈ జాతిని పెంచేవాళ్ళలో చాలామందికి అంత ఓపిక ఉండదు. మొలక రాగానే దాన్ని కోసి, జోరుగా ఎదిగే మరో ముళ్ళమొక్క నెత్తిన అంటు కట్టేస్తారు. అప్పుడది గబగబా ఉబ్బి కూర్చుంటుంది. అతనూ మిగతావాటికి కట్టాడు. దీనికి మాత్రం కట్టలేదు. తన వేళ్ళ మీద తాను ఎంత ఎదగగలిగితే అంతే ఎదగనీ అనుకున్నాడు. ఎందుకలా అనుకున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. ఆలోచించబోయినప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చేది.

తడిబట్టల బకెట్టుతో చెల్లెలు పైకి వచ్చింది.

"పొద్దున్నే ఆ గులకరాయితో ఏం ముచ్చట్లు అన్నయ్యా? ఏమంటోంది, బాగుందటనా?"

అతను నురగ ఉమ్మేసి వచ్చాడు.

"నువ్వు జ్వరంలో మూలుగుతుంటే పాపం ఇవన్నీ నోళ్ళెండి నిలబడ్డాయి. చూడలేక నేనే పోశాను, తలా ఒక చెంబుడు. ఇప్పుడు చూడు, ఎంత కళొచ్చిందో! నువ్వేమో పిసినారిలా చెంచాతో పోస్తావు."

"ఊఁ" అన్నాడతను.

చలి రోజుల్లో ఈ మొక్కలు నిద్రపోతాయి. అప్పుడు వాటికి నీళ్ళు తగలకూడదు. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. అడిగితే చెప్పేవాడే. కానీ ముళ్ళమొక్కల గురించి అడిగేదెవరు? ఆమె మాట్లాడుతూనే వరస తప్పిన రెండు కుండీలను జరిపి సర్దింది, మెట్ల దగ్గర తలోదిక్కూ చూస్తున్న అతని చెప్పులను కాలితో జతచేసింది. చిన్నప్పటినుంచీ అంతే. వంకరగా ఉన్నది కంటబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

కింద బల్ల దగ్గర అతనిది మూల కుర్చీ. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, కొన్నాళ్ళే కదా అని, గోడవారగా లాక్కుని కూర్చున్నాడు. అలాగే ఉండిపోయాడు. చెల్లెలు రోజూ దాన్ని బల్లకు ఎదురుగా పెడుతుంది, అతను రోజూ కాస్త పక్కకు లాక్కుంటాడు. ఈ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

"బావా, ఒక మాట" అన్నాడు చెల్లెలి మొగుడు టీ ఊదుకుంటూ. "పైన ఇంకొక్క బల్ల వేశావంటే బట్టలారేసే చోటుండదు. నేను తడిబట్టలు కట్టుకునే ఎండలో నిలబడాలి."

"నిలబడండి. ఆ మొక్కలకున్న పాటి ఓపికైనా వస్తుంది మీకు" అంది చెల్లెలు.

అతను నవ్వాడు. మనసు పైనే ఉంది. కుళ్ళు వేళ్ళనుంచి పైకి ఎక్కుతోంది. ఈ రోజు కొయ్యకపోతే రేపటికి కొయ్యడానికేమీ మిగలదు. కోస్తే ఇంకో మొక్క మీద కట్టక తప్పదు. ఇన్నేళ్ళూ ఏది వద్దనుకున్నాడో అదే. ఇప్పుడే కట్టేద్దామంటే కొత్త బ్లేడు లేదు, పాతదానితో కోస్తే ఆ కుళ్ళే మళ్ళీ అంటుకుంటుంది. సాయంత్రం దాకా ఆగాలి.

కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగది అతనిది. కిటికీ పక్కన సానరాయి, దాని కింద నీళ్ళపళ్ళెం, చిన్న స్క్రూల డబ్బాలు. అద్దానికి నడిమధ్య ఎక్కడో కొలిచి అక్కడ సిరాచుక్క పెట్టడం, ఆ చుక్క మనిషి కంటిపాపకు సరిగ్గా ఎదురొచ్చేలా అద్దాన్ని అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం అతని పని. దుకాణంలో అందరూ అతన్ని చుక్కలాయన అంటారు. ఆ పేరు విని కొత్తగా చేరిన అమ్మాయి, ఆయన తాగొస్తాడేమోనని వారం పాటు దూరదూరంగా తిరిగింది.

మధ్యాహ్నానికి ముందు ఒక పెద్దావిడ కళ్ళజోడు పట్టుకుని లోపలిదాకా వచ్చేసింది.

"ఏమయ్యా, కళ్ళజోడంటే ఇదేనా? బల్ల మీద పెడితే కుంటి కుర్చీలా ఊగుతోంది!"

"బల్లకి కళ్ళజోడు పెట్టం కదమ్మా."

"అదేం మాట? వంకరగా ఉందంటుంటే!"

అతను లేచి, రెండు చేతులతో జోడు తీసుకుని ఆమె ముఖానికి పెట్టాడు. ఆమె ఎడమచెవి కుడిచెవికంటే కొంచెం దిగువన ఉంది. ఆమెకు అది ఎప్పుడూ తెలిసి ఉండదు. చెప్పడం బాగుండదని అతనూ చెప్పలేదు. అద్దం ఆమె ముందు పెట్టాడు. ఆమె అటూ ఇటూ తల తిప్పి చూసుకుంది.

"ముఖం మీద బాగానే ఉందే" అంది అనుమానంగా, ఇందులో ఏదో మోసం ఉందన్నట్టు.

ఆమె వెళ్ళాక అతను కుర్చీలో కూర్చుని పిడికిలితో ఎడమ రొమ్ము రుద్దుకున్నాడు. జ్వరం తగ్గినప్పటినుంచీ అక్కడ ఎవరో పిసికినట్టు ఉంటోంది. వచ్చి కాసేపుండి పోతుంది. గ్యాసు అనుకున్నాడు.

యజమాని దగ్గరకెళ్ళి, ఈ రోజు వెలుగుండగా ఇంటికి పోవాలన్నాడు.

"ఎవరికైనా బాగోలేదా?"

"చిన్నదానికి."

యజమాని వెంటనే సరేనన్నాడు. వీధిలోకి వచ్చాక అబద్ధం చెప్పానా అనుకున్నాడు. కొంతదూరం నడిచాక, చెప్పలేదులే అనుకున్నాడు. మందుల దుకాణంలో కొత్త బ్లేడు, కాస్త స్పిరిటు కొన్నాడు.

డాబా మీద ఎండ వాలి ఉంది. పాత పేపరు పరిచి, ముక్కాలిపీట మీద కూర్చుని, నుదుటి మీది కళ్ళజోడు దించుకున్నాడు. ముందుగా రాయిలాంటి ఆ మొక్కను కంకరలోంచి పెళ్ళగించాడు. వేరు చేతికి జారుగా, పుల్లటి వాసనతో ఊడి వచ్చింది. బ్లేడు తుడిచి, అడుగునుంచి పలచటి చక్రం ఒకటి కోశాడు. గోధుమరంగు. మళ్ళీ తుడిచి ఇంకొకటి. అందులోనూ చిన్న ఎర్రమచ్చ. మరొకటి. కోస్తున్నకొద్దీ చేతిలోది తరిగిపోతోంది. చివరికి తెల్లగా, మచ్చలేని కండ కనిపించింది. మిగిలింది బటాణీ గింజకంటే కాస్త పెద్దది. ఇన్నేళ్ళ ఎదుగుదల పేపరు మీద రేకులు రేకులుగా పడి ఉంది.

తర్వాత పచ్చటి స్తంభంలాంటి మొక్క తల కోశాడు. అంచులు వాలుగా చెక్కాడు. తెగిన చోట తడి మెరిసింది. మధ్యలో ఉంగరంలాంటి గుండ్రటి గీత. నేలనుంచి నీరు పైకెక్కేది ఆ గీత వెంబడే. రాయిలాంటిదానిలోనూ అలాంటి గీతే ఉంటుంది, కాకపోతే ఆవగింజంత. ఈ రెండు గీతలూ ఎక్కడో ఒకచోట తాకాలి. తాకితే చాలు.

మొదట్లో అతనికి అది తెలియలేదు. చుక్కలు పెట్టే చెయ్యి కదా, చిన్నదాన్ని పెద్దదానికి సరిగ్గా నడిమధ్యన కూర్చోబెట్టేవాడు. చూడటానికి ముచ్చటగా ఉండేది. కొన్నాళ్ళకు ఎండి రాలిపోయేది. గాలి అనుకున్నాడు, బ్లేడు అనుకున్నాడు, తన చెయ్యి మంచిది కాదనుకున్నాడు. అన్నీ ఎందుకు పోతున్నాయో చాలాకాలం అంతుపట్టలేదు. పెద్ద ఉంగరం నడిమధ్యన చిన్న ఉంగరాన్ని పెడితే రెండూ ఎక్కడా తాకవు. అది ఎంత చక్కగా కూర్చుంటే అంత ఒంటరిగా చస్తుంది.

ఇప్పుడు కూడా చెయ్యి ముందు మధ్యకే పోయింది. ఆపి, చిన్నదాన్ని పక్కకు జరిపాడు, గీత మీద గీత పడేదాకా. తలకు పెద్దదైన టోపీ పెట్టుకున్నట్టు అది ఒకవైపు ఒరిగింది. రబ్బరుబ్యాండు దాని నెత్తిమీదుగా తెచ్చి, కుండీ అడుగునుంచి తిప్పి, గట్టిగా కాకుండా, వదులుగా కాకుండా బిగించాడు.

బట్టలు తీయడానికి చెల్లెలు వచ్చింది. భుజం నిండా దుప్పట్లతో వంగి చూసింది.

"అయ్యో, పక్కకి జారిపోయింది చూడు."

వేలు చాచింది. అతను చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్న పట్టు. ఇద్దరూ ఒక్క క్షణం ఆ చేతులకేసి చూశారు.

"జారలేదు. నేనే అలా పెట్టాను. మధ్యలో పెడితే బతకదు. ఎంత వంకరగా కనబడినా ముట్టుకోకు."

"సరే సరే, ముట్టుకోను. చెయ్యి వదులు, దుప్పట్లు పడిపోతున్నాయి." తర్వాత పేపరు మీది ముక్కలు చూసింది. గొంతు తగ్గింది. "ఏమైంది దీనికి? నేను పోసిన నీళ్ళకేనా?"

"కాదు. వేరుపురుగు."

"నిజంగా?"

"పురుగే. లోపలుంటుంది, పైకి తెలీదు."

ఆమె ఊపిరి వదిలింది. "పాడు పురుగు! మరి ఆ రబ్బరు ఎప్పుడు తియ్యాలి?"

"నేను తీస్తాగా."

ఆమె కిందికి వెళ్ళింది. అతను ముక్కలను, వేరును పేపరులో పొట్లం కట్టి బల్ల కింద పెట్టాడు. బ్లేడు తుడిచి కాగితంలో చుట్టాడు. పీట గోడకు జరుపుకుని వీపు ఆనించాడు. రొమ్ములో పిసుకుడు మళ్ళీ వచ్చింది, ఈసారి పోలేదు. ఎదురుగా వరసగా కుండీలు, చివర ఒరిగిన ఆ చిన్న తల. కింద గిన్నెల చప్పుడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"అన్నయ్యా, టీ!" అని చెల్లెలు కిందనుంచి రెండుసార్లు పిలిచింది. మూడోసారి టీ చల్లారుతోందని కసురుకుంది. తర్వాత మెట్లెక్కి వచ్చింది. అతను గోడకు ఆనుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒళ్ళో చేతులు వెల్లకిలా పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని ఆమె ముందు ఆ కళ్ళజోడు సరిచేసింది. ఆ తర్వాతే తెలిసింది.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయి, ఎండలు ముదిరాక, ఒక ఉదయం ఆమె డాబా ఊడవడానికి పైకి వచ్చింది. బల్ల కింద పేపరు పొట్లం చీపురుకు తగిలింది. పారేయబోయి విప్పింది. రేకులు నల్లబడి ముడుచుకుపోయాయి. వేరు చుట్టూ మట్టి ముద్దగట్టి ఎండిపోయింది. పురుగు మాట గుర్తొచ్చింది. గోటితో వేరు చీల్చి చూసింది. ఇంకోవైపూ చీల్చింది. పురుగు లేదు. తొలిచిన కన్నం లేదు. మట్టి మాత్రం, ఎవరో చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తే ఆరిన మట్టిలా, గట్టి పెళ్ళగా ఉంది.

ఆమె అతని పీట మీద కూర్చుంది.

"అబద్ధం ఆడటం కూడా చేతకాదు నీకు" అంది గోడతో.

లేచి, ముక్కు తుడుచుకుని, కుండీలన్నీ ఒక్కొక్కటే జరిపి వరసలో పెట్టింది. ఏదీ తడిగా లేదు. ఆమె నీళ్ళు తేలేదు. చివరి కుండీ దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళింది, ఆ ఒరిగిన తలదాకా. అక్కడ ఆగి, చీరకొంగులోకి వెనక్కి వచ్చేసింది. వంగి చూసింది. బూడిదరంగు తొక్క మీది ముడతలు పోయి నున్నగా బిగిసింది. పచ్చటిదానికీ దానికీ మధ్య సందు లేదు. నెత్తిన పగుళ్ళ మధ్య గుండుసూది మొనంత తెల్లటి నూగు కొత్తగా వచ్చింది.

పచ్చటి స్తంభం మీద నడిమధ్యకు కాస్త పక్కగా ఆ గులకరాయి, దాని నెత్తిమీదుగా అతను తీస్తానన్న రబ్బరుబ్యాండు.