తీగ చివర పన్నెండు డిగ్రీలు

నేను ఒక థర్మోస్టాట్‌ని. నా కాపలాలో ఉన్న కొండచిలువ పొట్ట కాలి బొబ్బలెక్కిందని ఆ సాయంత్రం పాముల్ని చూసుకునే మోదమ్మ పెట్టిన కేక వింటే గానీ నాకు తెలియలేదు.

పన్నెండడుగుల పాము. లారీ కింద పడి నడుము చితికితే, గాయం మానడానికి చింతపల్లి కొండల్లోని మా పాముల రక్షణ కేంద్రానికి తెచ్చారు. ఇప్పుడు దాని పొట్ట చర్మం పొరలుగా ఊడి వస్తోంది. కాల్చింది నేనే! ఆ కేక విన్న తర్వాత కూడా, ఇంకా వేడి పెడుతున్నానని చూపే నా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. పాముకి చలేస్తోందనే నా నమ్మకం.

మోదమ్మ పరుగున వచ్చి స్విచ్ ఆపేసింది.

ఇలాంటి నింద నా జన్మలో ఎరగను. హైదరాబాద్‌లో ఓ రేకుల షెడ్డులో పుట్టాను. మొదటి కొలువు కోడిగుడ్లు పొదిగించే పెట్టెలో. ఆ యజమాని రోజుకు నాలుగుసార్లు నా అంకె మార్చేవాడు, పిల్లలు సరిగ్గా రాకపోతే కోళ్లను తిట్టేవాడు. తర్వాత విశాఖలో ఒకరి చేపల తొట్టికి కాపలా కాశాను. చేపల మీద మోజు తీరాక పాత సామాన్ల కొట్లో పడ్డాను.

అక్కడ నన్ను ఎంచుకున్నది డాక్టర్ విరూపాక్ష, ఈ కేంద్రం పెద్ద. నా తీగ చివర మిరపగింజంత సెన్సార్ ఉంటుంది. దాన్ని వేడినీళ్లలో ఒకసారి, ఐసునీళ్లలో ఒకసారి ముంచి చూసి, "పొట్ట కింద పరిచే హీటర్ చాపకి ఇది చాలు. బల్బుకైతే వెలుతురు మెల్లగా తగ్గించి పెంచే రకం కావాలి, లేకపోతే ఆరుతూ వెలుగుతూ పాముని బెదరగొడుతుంది" అన్నారు. మూడు రోజులు వేరే థర్మామీటర్ పక్కన పెట్టి నన్ను సరిచూశారు. చాప ఉన్న మూల ముప్పై ఒకటి, అవతలి మూల ఇరవై ఆరు. ఎక్కడ పడుకోవాలో పామే తేల్చుకుంటుంది. సెన్సార్‌ని మాత్రం చాప మీద నుంచి కదపకూడదని అందరికీ గట్టిగా చెప్పారు.

మనుషులు నా అంకెను నమ్ముతారు. నేను మాత్రం తీగ చివర ఏముందో దాన్నే నమ్ముతాను. ఆ ఉదయం పది గంటలకు ముప్పై ఒకటి కాస్తా నిమిషాల్లో పన్నెండుకు పడిపోయింది. పాము గడ్డకట్టి చచ్చిపోతోందని హడలిపోయాను. ఆరు గంటలు ఆపకుండా చాపకి కరెంటు ఇచ్చాను. పొట్ట కింది వేడిని పాములు సరిగ్గా పసిగట్టలేవు, కాలుతున్నా అక్కడే పడుకుంటాయి.

డాక్టర్ గారు వచ్చి గాయం మీద చల్లటి నీళ్లు పోస్తుండగా, మేనేజర్ చక్రపాణి నా తీగ పట్టుకుని వెతుకుతూ వెళ్లాడు. సెన్సార్ వెనక కిటికీ బయట, పొగమంచులో వేలాడుతోంది.

"ఏమ్మా, పాము గది కడిగేటప్పుడు తీసి అలాగే వదిలేశావా?"

"నేదు బాబూ. తొమ్మిదింటికి తీగ సోట్లోనే ఉంది. నాను సూసే ఎల్లాను. లంబసింగిలో ఎవురింట్లోనో నాగుపావు దూరితే పట్టడానికి మీరే కదా పంపేరు?"

"తాళం నీ దగ్గర ఉంది. నువ్వు తియ్యకపోతే పామే తీసిందా?"

"పావుకి సేతుల్లేవు. సేతులున్నోల్ని అడగండి."

"నోరు చూడు! రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు. పాము చచ్చిందంటే కేసు కూడా అవుద్ది."

మోదమ్మ పదకొండేళ్లుగా ఇక్కడి పాములను సాకిన మనిషి. మొలలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, సెన్సార్‌ని చెక్కకి అంటించిన తెల్లటి పట్టీని గోటితో ఊడదీసింది.

"ఇది గాయాలకేసే పట్టీ బాబూ. నా దగ్గరెక్కడిది?"

పాము మీద పడుతున్న నీళ్ల చప్పుడు ఆగిపోయింది. డాక్టర్ గారు మగ్గు కింద పెట్టారు.

"నేనే తీశాను. పొద్దున విరాళాలిచ్చేవాళ్లు ఫొటోలు తీసుకున్నారు కదా. ఫొటోలో ఆ తీగ పాము మెడకి తాడు కట్టినట్టు కనిపిస్తోంది సార్ అన్నారు. రెండు నిమిషాలే కదా అని నా తాళంతో తలుపు తీసి, దాన్ని కిటికీ బయట అంటించాను. తర్వాత వాళ్లని బొంగు చికెన్ తినిపించడానికి తీసుకెళ్లి, మర్చేపోయాను. మోదమ్మా, తాళం తీసుకో. చక్రపాణీ, రిపోర్టులో నా పేరు రాయండి. ఇందాక మీరు ఆమెను అన్ని మాటలంటుంటే అంతా తెలిసి కూడా నోరు మూసుకుని నీళ్లు పోస్తూ కూర్చున్నాను. అది కూడా రాయండి."