ఒకటో నంబరు తాడు

ఆర్చీ పర్విస్ ఆరో తాటికి ముడి బిగించి, రెండుసార్లు గుంజి చూసి, ఏడోది అందుకున్నాడు. శవపేటికకి ఎనిమిది తాళ్లు, తాటికో ఊదారంగు కుచ్చు. అంత్యక్రియలు జరిపించే హోగార్త్‌వారి కొట్లో ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే పని. పొట్టి వేళ్లు, చివర్లు అరిగి బల్లపరుపుగా ఉంటాయి. గోళ్ల కింద ఇత్తడి పాలిష్ నలుపు ఏ సబ్బుకీ లొంగదు. నడుస్తుంటే ఎడమవైపుకి కాస్త ఒరుగుతాడు. బెరిక్‌షైర్‌లోని ఆ చిన్న ఊళ్లో సగం ఇళ్ల పెద్దల్ని మోసిన భుజం అది. అయినా వీధిలో ఎదురైతే చాలామందికి అతని పేరు చప్పున గుర్తుకు రాదు.

ఇవాళ పెట్టెలో ఉన్నవాడి పేరూ పర్విసే. వాల్టర్ పర్విస్, ఊరందరికీ వాటీ, డెబ్బై నాలుగేళ్లు, ఒకప్పుడు గుర్రాలతో దున్నిన పాలేరు. పెళ్లీ పెటాకులూ లేవు. ఆసుపత్రిలో పోయాడు.

కొట్టు యజమానురాలు ఎఫీ హోగార్త్ తెల్ల చీటీలు పట్టుకొచ్చింది. ఒక్కో చీటీ మీద పెట్టె బొమ్మ, చుట్టూ ఎనిమిది అంకెలు. ఎవరు ఏ తాడు పట్టి గోతిలోకి దించాలో ఆ అంకె చుట్టూ గుండ్రం గీసి, పైన పోయినవాళ్ల పేరు, కింద తాడు పట్టేవాళ్ల పేరు రాసి ముందే చేతికిస్తారు. తల దగ్గరది ఒకటో నంబరు. అది అయినవాడిది.

"ఏడుగురు దొరికారు ఆర్చీ," అంది ఎఫీ. "ఒకటో నంబరుకే మనిషి లేడు. పోనీ నువ్వు పట్టుకోరాదూ?"

"మాకూ వాళ్లకీ ఏం లేదమ్మా."

"పేరు ఒకటే కదయ్యా! ఊరు మొత్తం మీద మిగిలింది మీరిద్దరే."

"పేరు ఒకటే. మనుషులు వేరు."

"అయితే గొయ్యి తవ్విన శాండీయే తల దించాలి. దిక్కులేనివాడిలా... నాకు మనసొప్పడం లేదు."

ఆర్చీ ఏడో ముడి బిగించాడు.

గొడవంతా ఆ పేరు గురించే. అది ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి వచ్చిందని రెండిళ్లలోనూ ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోలు అక్కడితో సరి. రాజుగారి వంటశాలకి సరుకులు సమకూర్చే ఉద్యోగి పేరది అని ఆర్చీ తండ్రి. కాదు, చర్చి ముంగిటికి ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న పేరు, మేం దేవుడి వాకిట నిలబడ్డవాళ్లం అని వాటీ తండ్రి. ఒక కోతల విందులో "వంటింటి ఎలుకలు" అని ఒకరు, "చర్చి గుమ్మంలో అడుక్కుతిన్నవాళ్లు" అని ఇంకొకరు అనుకుని చొక్కాలు చింపుకున్నారు. పాస్టరుగారిని అడిగితే, "రెండూ కావచ్చు, రెండూ కాకపోనూవచ్చు" అని టీ తాగి వెళ్లిపోయారు. పేడ ఎత్తుకునే ఇద్దరు పాలేర్లకి రాజెవడు, వంటశాలెక్కడ! అయినా బంధుత్వం లేదనే మాట మాత్రం ఖాయమైపోయింది. కొడుకులిద్దరూ ఆ మాటే మోశారు.

"ఏరా వంటోడా, రాజుగారికి ఇవాళేం వండావు?" అనేవాడు వాటీ, వీధిలో కనబడితే.

"చిల్లర లేదు, పైకి పో," అనేవాడు ఆర్చీ.

నలభై ఏళ్లలో వాళ్లు మాట్లాడుకున్నది అంతే.

మధ్యాహ్నం ఆర్చీ పెరట్లో నిలబడే రొట్టె తిన్నాడు. వాటీ పోయినందుకు ఏమైనా అనిపిస్తోందా అని తనని తాను అడిగి చూసుకున్నాడు. ఏమీ లేదు. నల్లకోటు తొడుక్కున్నాడు.

శ్మశానంలో సన్నగా జల్లు పడుతోంది. పెట్టె గోతి మీద పలకలపై ఉంది. ఎఫీ రెండో నంబరు నుంచి ఒక్కొక్కరినే పిలిచింది. ఏడుగురూ వచ్చి తాళ్లు పట్టుకున్నారు. తల దగ్గరి తాడు మాత్రం పలక మీద తడుస్తూ పడి ఉంది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ తాడు అలా పడి ఉండగా ఆర్చీ ఎన్నడూ చూడలేదు. చూడలేకపోయాడు. శాండీ చేతులు ప్యాంటుకి తుడుచుకుని వంగబోయాడు.

"ఆగు శాండీ."

"ఏం, రాజుగారు సెలవిచ్చారా?" అన్నాడు శాండీ.

ఆర్చీ వంగి తాడు చేతికి చుట్టుకున్నాడు. ఎఫీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏమవుతాడని చెప్పను?" అంది.

"మావాడని చెప్పు."

ఎఫీ అందరికీ వినిపించేలా చెప్పింది. పలకలు తీశారు. తాడు అరచేతిలోంచి జారుతూ పోయింది. బరువు పెద్దగా లేదు. పెట్టె అడుగున ఆనింది. ఎనిమిదిమందీ తాళ్లు గోతిలోకి వదిలేశారు. వాటీ పర్విస్ వెళ్లిపోయాడు.

అయినవాడు అన్నారు కనక, ఆసుపత్రి మనిషి వాటీ వస్తువులున్న ఒక కాగితం సంచి తెచ్చి ఆర్చీ చేతిలోనే పెట్టాడు. ఆర్చీ ఇంటికొచ్చి కెటిల్ పొయ్యి మీద పెట్టి, సంచిని బల్ల మీద బోర్లించాడు. టోపీ, క్షవరం కత్తి, పొగాకు డబ్బా. డబ్బాలో పొగాకు లేదు. పెట్టె బొమ్మతో, అంచులు మాసిన ఒక చీటీ ఉంది.

పైన జీనెట్ పర్విస్ అని ఉంది. ఆర్చీ భార్య. పోయి పంతొమ్మిదేళ్లు. కింద, అప్పట్లో కొట్టు నడిపిన ఎఫీ తండ్రి చేతిరాతలో, వాల్టర్ పర్విస్ అని. ఆ రోజు తల దగ్గర నిలబడ్డ ఆర్చీ గోతిలోకి తప్ప ఎటూ చూడలేదు. మిగతా తాళ్లు ఎవరు పట్టారో అతనికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆ మర్నాడే కాబోలు, వీధిలో వాటీ ఎప్పట్లాగే "ఏరా వంటోడా" అన్నాడు. తనూ ఎప్పట్లాగే చిల్లర లేదన్నాడు.

ఏడుపొస్తుందేమోనని ఆర్చీ కాసేపు కూర్చుని చూశాడు. రాలేదు. కెటిల్ కూత పెడితే లేచి వెళ్లాడు.

బల్ల మీద చీటీ ఉంది, నాలుగో అంకె చుట్టూ పెన్సిలుతో గీసిన గుండ్రంతో.