జూలీ పిల్లలు

రేవులో క్రేను నడిపి రిటైరైన మృత్యుంజయకు జూలీ అంటే ప్రాణం. తేనెరంగు లాబ్రడార్. రేవు పక్కనే ఉన్న మెటియాబ్రుజ్‌లో దర్జీ దుకాణాల సందు వెంట దాన్ని తిప్పుతుంటే మిషన్లు ఆపి మరీ చూసేవాళ్లు. ఒక వర్షాకాలంలో అది వెనక కాలు ఈడ్చింది. ఎక్స్‌రే తీసి చూసేదాకా జత కట్టించొద్దన్నాడు డాక్టరు. మెట్ల మీద జారి ఉంటుందిలే అనుకున్నాడు మృత్యుంజయ. కొద్దిరోజులకే కుంటు తగ్గింది. పిల్లలు కావాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ చలికాలమే జత కట్టించాడు. పుట్టినవన్నీ బొద్దుగా ఉన్నాయి. పెంచుకోమని తెలిసినవాళ్లకే ఇచ్చాడు.

ఏడాది దాటిందో లేదో, సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేసే సునీల్‌కుమార్ ఆ పిల్లల్లో తను తీసుకున్న బ్రూనోని చేతుల మీద మోసుకొచ్చాడు.

"లేస్తలేడు అంకుల్. పొద్దుగాల్నుంచి కూసున్నకాడనే ఉన్నడు."

ఇద్దరూ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. బ్రూనో తొడ ఎముక తుంటి కీలులో కుదురుగా కూర్చోలేదు. దెబ్బ తగిలి వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చిందన్నాడు డాక్టరు. "జూలీకి ఎక్స్‌రే తీయించారా, దాదా?" అని అడిగాడు. లేదన్నాడు మృత్యుంజయ. మర్నాడు తీయిస్తే జూలీకీ అదే లోపం.

"ఇంక దానికి పిల్లలు ఒద్దు, ఆపరేషన్ సేయించియ్యి," అంది భార్య అప్పలలక్ష్మి. "మిగతా పిల్లల్ని అట్టుకెల్లినోలకీ సెప్పాల గదా?"

"ఏ మొకం ఎట్టుకుని ఎల్లమంతావు?"

"ఉన్న మొకమే ఎట్టుకుని ఎల్లు."

జూలీకి ఆపరేషన్ చేయించి, ముందుగా భవానీపూర్ వెళ్లాడు. అక్కడ తమ ఊరివాళ్ల అమ్మాయి పుష్పరాణి ఆడ కుక్కపిల్లను తీసుకుని మిష్టి అని పేరు పెట్టుకుంది. తలుపు తీస్తూనే ఆమె ముఖం వెలిగిపోయింది.

"రా బాబాయ్! నువ్వు తాతవైపోనావు!"

మంచం పక్కన పాత దుప్పటి మీద మిష్టి పడుకుని ఉంది. పొట్టకు కరుచుకుని కళ్లు తెరవని కూనలు పాలు తాగుతున్నాయి. మృత్యుంజయ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. అక్కడే కూర్చుని అంతా చెప్పాడు.

పుష్పరాణి వంగి మిష్టి వెనక కాలు తడిమి చూసింది. "నీకు ముందే తెలుసా?"

"డాక్టరు సెప్పినాడమ్మా. నేనే ఇన్లేదు."

"వీటిల్లో దేనికి వస్తాదో ఇప్పుడే తెలుస్తాదా?"

"తెల్దంట. ఎదిగినాకే తెలుస్తాదంట. తీసుకెల్లేవోలకి నేనొచ్చి సెప్తానమ్మా, జత కట్టించొద్దని."

"అక్కర్లేదు, నేనే సెప్పుకుంటాను," అంది పుష్పరాణి. ఎప్పుడెళ్లినా టీ ఇవ్వకుండా పంపని పిల్ల, ఆ వేళ వంటింటి వైపు కూడా వెళ్లలేదు.

సంగతి తెలిశాక కూనల్ని అడిగినవాళ్లలో కొందరు వెనక్కి తగ్గారు, కొందరు తెలిసే తీసుకెళ్లారు. మిగిలిన కూనలు పుష్పరాణి దగ్గరే ఉండిపోయాయి. ఆమె ఫోన్ చేయడం మానేసింది.

బ్రూనో మందుల మీద నడుస్తున్నాడు. ఆదివారాలు మృత్యుంజయ బస్సులో సాల్ట్ లేక్ వెళ్లి వాడి వెనక కాళ్లు మెల్లగా మర్దనా చేసి వస్తాడు. అడుగుల చప్పుడు వినగానే వాడు తోక నేలకేసి కొడుతూ ముందు కాళ్ల మీద లేవబోతాడు.

"లేవకురా నాయనా," అంటాడు మృత్యుంజయ, చెప్పులు విప్పడం కూడా మరిచి గబగబా లోపలికి నడుస్తూ. "నేనే వస్తన్నాను, లేవకు."