కాశయ్య ఇస్తరిలో నెయ్యి

మా ఇంట్లో కంప్యూటర్ నడుస్తాంటే మిక్సీ వేయకూడదు. వేస్తే తెర నల్లగా ఐపోతాది, పొద్దున్నించి నేను చేసిన పని గంగలో కలుస్తాది. మా అత్త రహీమున్నీసాకు ఈ మాట వెయ్యిసార్లు చెప్పినా. "మీ డబ్బాకు భయపడి మేం చట్నీ లేకుండా తినాల్నా?" అంటాది. ఆయమ్మ నోటికి నంద్యాల మొత్తంలో జవాబు చెప్పేది నేనొక్కదాన్నే.

మా ఆయన ఫయాజ్ పెండ్లిండ్లకు వీడియో తీస్తాడు. ఇంట్లో కుచ్చోని దాన్ని కత్తిరించి అతికేది నేను. బోర్డు మీద పేరు మాత్రం ఆయనది. 2003లో ఊరంతా కొత్త కంప్యూటర్లు కొంటాంటే, ఈయన హైదరాబాదుకు పోయి ఎవురో వద్దని పారేసిందాన్ని ఎత్తుకొచ్చినాడు. మూత ఊడదీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెడితే గానీ నడవదు. పెండ్లంతా దాంట్లో పట్టదు. తాళి ఎక్కిస్తే తలంబ్రాలకు జాగా ఉండదు. ముక్క ఎక్కించాల, కత్తిరించాల, సీడీలోకి దించాల, తుడిచి ఇంగో ముక్క ఎక్కించాల. చేసింది ఆడించి చూద్దామంటే బొమ్మ ఆగి ఆగి ఎగురుతాది. అందుకే చూసేది మానేసి, అల్లా మీద భారం వేసి సీడీ కొట్టేస్తా.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి చెన్నకేశవులన్న వచ్చినాడు. రాతి విగ్రహాలు చెక్కే మనిషి. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుండాడు, చొక్కా మీద రాతిపొడి గూడ దులుపుకోలేదు. ఆయన కూతురు పెండ్లి మా ఆయనే తీసినాడు.

"అమ్మా అస్మా, మా అన్న లేచిపోయింది తీసేయమ్మా" అన్యాడు.

"మీ అన్న ఈ వయసులో ఎవురితో లేచిపోయినాడన్నా?"

"ఇస్తరి ముందర్నించి తల్లీ! నవ్వొద్దు."

జరిగింది ఇది. పెండ్లిలో మొదటి బంతిలో ఆయన అన్న కాశయ్య కుచ్చున్యాడు. భక్షాల మీద నెయ్యి పోసుకుంటా వస్తాన్నోడు ఆయప్ప పక్కాయనకు పోసినాడు, ఈయన్ను వదిలేసి అవతలాయనకు పోసినాడు. అంతే. పెండ్లికూతురి పెదనాయన ఇస్తరి మడిచి, ఎంగిలిచెయ్యి గూడ కడక్కుండా పందిట్లోంచి పోయినాడు. ఆ పొద్దు నుంచి తమ్ముడి మొగం చూడలేదు. చారెడు నెయ్యి కోసరం! మొగోళ్లకు పౌరుషం యాడ దాక్కోనుంటాదో ఆ దేవుడికే తెలియాల.

"వెలుగోడోళ్లకు ఆంజనేయసామిని చెక్కినా" అన్యాడు కేశవన్న. "అంతా అయింది, కండ్లు మిగిలినాయి. మా ఇంట్లో కండ్లు తెరిపించేది పెద్దోడే. మా నాయన పెట్టిన పద్ధతి, నేను ఆడ ఉలి పెట్టకూడదు. ఆయన రానంటాండాడు. లేచిపోయిన బొమ్మ సీడీలో ఉంటే ఇంగ ఎప్పటికీ రాడు. గుడ్డిసామిని గుళ్లో నిలబెట్టేదా?"

"సరే, ఆ ముక్క తీసేస్తా. కానీ మీ అన్న సీడీలో ఇంగ యాడా లేడు. పెండ్లికే పిలవలేదంటాడు రేపు."

ఆ మాటకు కేశవన్న మెట్టు మీద కూలబడినాడు. "నా చేతికి ఉలి పట్టించింది ఆయనేనమ్మా" అని ఏడ్చినాడు. రాతిపొడి మీద కన్నీళ్లు చారలు కట్టినాయి. మొగోళ్లు ఏడిస్తే నాకు మా చెడ్డ కోపమొస్తాది, ఎందుకంటే నాగ్గూడ ఏడుపొస్తాది.

"ఊరుకో అన్నా" అని గట్టిగా కసిరినా. కసిరినాక బుర్ర పనిచేసింది. కంప్యూటర్‌లో బొమ్మను వెనక్కి నడిపించే ఏర్పాటుండాది. లేచి పోయినోడిని వెనక్కి నడిపిస్తే, వచ్చి కుచ్చుంటాడు గదా!

ముక్క ఎక్కించినా, తిరగేసినా. ఆయప్ప కుచ్చున్న కాడికి కత్తిరిద్దామంటే తెర బిగుసుకుపాయ. ఆపి మళ్లీ పెడితే మళ్లీ బిగుసుకుపాయ. మా అత్త చట్నీ గిన్నె పట్టుకోని "అయిందా?" అంటాది. నాకు తిక్కరేగి, ఎంత ముక్క ఉంటే అంతా తిరగేసి సీడీ కొట్టినా. మా అత్త చట్నీ రోట్లో నూరింది, దాంతో పాటు నన్ను గూడ.

మర్నాడు కేశవన్నతో ఆళ్లగడ్డకు పోయినా. ఆయన వీధి మలుపులోనే నిలబడిపోయినాడు. నేనొక్కదాన్నే పోయి తలుపు కొడితే కాశయ్య పెండ్లాం జయలక్ష్మమ్మ తీసింది. పెండ్లి సీడీ తెచ్చినానన్యా. కాశయ్య గోడ పక్కకు తిరిగి కుచ్చోనుండాడు. "నాకేం చూపియ్యొద్దు" అన్యాడు. జయలక్ష్మమ్మ వినకుండా సీడీ పెట్టేసింది. టీవీ చప్పుడుకు ఆయప్ప మెల్లగా ఈపక్కకు తిరిగినాడు.

పందిట్లోకి కాశయ్య వీపు ముందు పెట్టుకోని వెనక్కెనక్కి నడిచొచ్చినాడు. మడిచిన ఇస్తరి దానంతట అదే తెరుచుకునింది. బుద్ధిగా కుచ్చున్యాడు. నేను హమ్మయ్య అనుకున్యా. ఆడితో ఆగలేదు. అవతలాయన భక్షం మీద నెయ్యి పైకెగిరి గరిటెలోకి దూరింది. వడ్డించేటోడు వెనక్కి నడిచి, కాశయ్యను దాటి, ఈపక్కాయన నెయ్యి గూడ లాక్కున్యాడు. నేను కత్తిరించలేకపోయిన ముక్క అది! ఎగతాళి చేసినారని ఈ పెద్దాయన నన్ను ఉలితో పొడుస్తాడనుకున్యా.

"మళ్లీ పెట్టు" అన్యాడు కాశయ్య.

జయలక్ష్మమ్మ మళ్లీ పెట్టింది. ఆయప్ప మీసాలు కదిలినాయి.

"ఇది చేసింది ఎవురు?"

"నేనే పెద్దాయనా" అన్యా.

"నాకు లేని నెయ్యి ఎవురికీ లేకుండా చేసినావు గదమ్మే! ఇదీ న్యాయమంటే!" అని పొట్ట పట్టుకోని నవ్వినాడు. జయలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకునింది.

నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోని లేచినాడు. మలుపులో నిలబడిన తమ్ముడిని చూడనట్టే దాటి, ఆ తమ్ముడి ఇంటి దాకా పోయినాడు. నేనూ కేశవన్నా వెనకాల్నే ఉరికినాం. గేటు కాడ ఆగి, వీపు తిప్పి, వెనక్కెనక్కి నడుచుకుంటా లోపలికి పోయినాడు. కండ్లు లేని ఆంజనేయసామికి వీపు తగిలినాక ఆడ్నే చతికిలబడినాడు.

"ఏందప్పా, ఇస్తరి యాడ?"

కేశవన్న పెండ్లాం యశోదమ్మ గబగబా ఇస్తరేసి అన్నం పెట్టింది. కేశవన్న నెయ్యి గిన్నె తెచ్చి వంచినాడు. నెయ్యి అన్నం దాటింది, ఇస్తరి దాటింది, నేల మీద పారింది. తమ్ముడు ఆపలేదు, అన్న చాలనలేదు.

గిన్నె బోర్లాపడినాక కాశయ్యే అన్యాడు: "చాల్లేరా. ఉలి యాడ పెట్టినావ్?"