బర్కూక్ కొత్త గది

బతూల్ రొట్టెల పిండి పిసుకుతుండగా భర్త బూషయిబ్ వచ్చి పీట మీద కాగితం పరిచాడు. ఆమె పిండి పళ్లెం పక్కకి జరుపుకుంది.

“గుర్రాన్ని ఇంట్లోనే కట్టేసుకుంటే నీకే హాయి,” అన్నాడు. “ఎండలో రోజుకి మూడుసార్లు ఆ దొడ్డిదాకా నడిచే బాధ తప్పుతుంది. వంటింటి తలుపు తీస్తే ఎదురుగా గుర్రం. ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో నీళ్లు పెట్టొచ్చు.”

మేస్త్రీ గీసిచ్చిన కాగితం అది. పెరట్లో, వంటింటి గోడకి ఆనించి రెండు గదులు. పెద్దది జీనుకి, చిన్నది గుర్రం బర్కూక్ కి. జీను మీద వెండి తీగ పనుంది, వచ్చినవాళ్లు కూర్చుని చూడాలి, అందుకని దానికి అద్దాల బీరువా, రెండు సోఫాలు. గుర్రం గదికి తలుపు తూర్పున, పెరటి గుమ్మంవైపు. నేలకి ఆకుపచ్చా తెలుపూ టైల్స్, చుట్టాలు కూర్చునే గదిలో ఉన్నటువంటివే.

బతూల్ వేళ్లకి అంటిన పిండి రాల్చుకుని కాగితం మీద చూపించింది. “తలుపు ఇటు వద్దు. వేసవిలో వడగాలి తూర్పు నుంచే కదా వచ్చేది. సముద్రం గాలి ఇటునుంచి వస్తుంది, ఇటు పెట్టించు. నేలకి టైల్స్ వద్దు. మట్టిలో సున్నం కలిపి దిమ్మిస కొట్టించు. తడి టైల్స్ మీద లాడం నిలవదు.”

బూషయిబ్ గుమ్మం దగ్గర కూర్చున్న తల్లివైపు తిరిగి నవ్వాడు. “విన్నావా అమ్మా? మేస్త్రీ మనింట్లోనే ఉంది. నేనేమో ఊరంతా తిరిగి ఒకణ్ని పట్టుకొచ్చాను.”

లల్లా తామూ జపమాల ఆపలేదు. “గడ్డి వేసే చేతికి గోడల సంగతెందుకే అమ్మాయ్? ఎక్కేవాడికి తెలీదా దాని సంగతి?”

బతూల్ పిండి పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఎక్కేవాడు శుక్రవారం శుక్రవారం ఎక్కుతాడు. ఆగస్టులో మూలాయ్ అబ్దుల్లా ఉరుసుకి వారం రోజులు వరసగా ఎక్కుతాడు. తక్కిన రోజుల్లో బర్కూక్ ఎలా ఉంటుందో అతను ఎప్పుడూ చూడలేదు. వాళ్ల పెళ్లయి ఇరవైమూడేళ్లు. ఒక్క కూతురు, పెళ్లయి ఆసఫీలో కాపురముంటోంది. ఆ కూతురికి పాలపళ్లు ఎప్పుడు ఊడాయో బూషయిబ్ కి తెలియదు. గుర్రానికి పళ్లు చూసి వయసు చెప్పమంటే మాత్రం పదిమందిలో చెప్పగలడు.

దొడ్డి ఆమె తండ్రి సీ జీలాలీది. సీదీ బన్నూర్ శివార్లలో బీట్ దుంపల పొలాల వెంట పావుగంట నడక. మట్టిగోడలు, రెల్లు కప్పిన పాక, ఒక బావి, రెండు అంజూర చెట్లు. బూషయిబ్ గుర్రం కొన్నప్పుడు కట్టేసే చోటు లేక మామగారిని అడిగాడు. “నాలుగు రోజులే” అన్నాడు. అది జరిగి తొమ్మిదేళ్లు. ఆరేళ్లు ముసలాయన చూసుకున్నాడు. ఆయన పోయిన మర్నాడు ఇంటినిండా జనం ఉండగానే, సాయంత్రం ఐదింటికి, బతూల్ కి గుర్రం నీళ్లు తాగలేదని గుర్తొచ్చింది. ఏడుపు మధ్యలో లేచి వెళ్లి తోడిపోసింది. ఆ రోజు నుంచి ఆ పని ఆమెదైంది. నువ్వు చేస్తావా అని ఎవరూ అడగలేదు. చేస్తానని ఆమె కూడా అనలేదు.

వేసవిలో పని రెట్టింపు. తెల్లారకముందే నీళ్లు, ఆ తర్వాతే దాణా. బార్లీ రాత్రే నానెయ్యాలి, సవారీ లేని రోజుల్లో సగం తగ్గించాలి. గోధుమగడ్డి మీద నీళ్లు చిలకరించి దులపాలి, లేకపోతే దుమ్ముకి దగ్గొస్తుంది. మధ్యాహ్నం కాళ్లు తడపాలి. ముందు గిట్టలు, తర్వాత మోకాళ్లు, తర్వాత పొట్ట కింద. వేడెక్కిన వీపు మీద ఒక్కసారిగా నీళ్లు గుమ్మరించకూడదు. జోరీగలకి నొసటి మీద కుచ్చుల పట్టీ కట్టాలి. పగిలిన గిట్టలకి కొవ్వు రాయాలి. పరుగు తీసి వచ్చాక ఊపిరి కుదుటపడేదాకా నీళ్ల దగ్గరికి రానివ్వకూడదు. బూషయిబ్ కి ఇదే తెలియదు. పోయిన జూన్ లో సవారీ నుంచి వచ్చి బొక్కెన ముందు పెట్టి వెళ్లిపోయాడు. కడుపునొప్పితో గుర్రం నేలమీద దొర్లబోయింది. బతూల్ దాన్ని మూడుగంటలు దొడ్డిలో గుండ్రంగా నడిపించింది. ఇంటికొచ్చేసరికి లల్లా తామూ, “ఇవాళ కూర మాడిందని గుర్రానికి చెప్పి వచ్చావా?” అంది. అందరూ నవ్వారు. బతూల్ కూడా నవ్వింది.

ఇదంతా ఆమెకి తండ్రి నేర్పిందే. కూర్చోబెట్టి నేర్పలేదు. ఆయన చేస్తుంటే వెనక నిలబడేది. “చెవి ఇక్కడ పెట్టు” అని డొక్క చూపించేవాడు. లోపల గడగడమని వినిపించేది. “ఈ చప్పుడున్నంతవరకూ భయం లేదు. ఆగిపోతే నన్ను పిలువు.” ఆమెకి ఎనిమిదేళ్లప్పుడు, తన సొంత గుర్రం మీద జీను లేకుండానే ఎక్కించి వాగుదాకా తీసుకెళ్లేవాడు. పదేళ్లకి ఆమె ఒక్కతే వెళ్లేది. గుర్రం వాగులోకి దిగి తల వంచి నీళ్లు తాగుతుంటే దాని మెడ మీద బోర్లా పడుకునేది. గుటక పడ్డప్పుడల్లా ఆమె పొట్ట కింద అలలా కదిలేది. ఆ అల ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో వస్తుంది.

పన్నెండో ఏట ఒక మధ్యాహ్నం వాగు నుంచి తిరిగొస్తుంటే దొడ్డి గుమ్మంలో మేనత్తలిద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ల మధ్య నాన్న. “ఇంకా ఎన్నాళ్లు జీలాలీ? దాని ఛాతీ చూశావా?” అంది పెద్దత్త, ఆమె వింటుండగానే. నాన్న నేలవైపు చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు. “దిగమ్మా.” నాన్న కదా, బతూల్ ఆ చెయ్యి పట్టుకుని దిగింది. మర్నాటి నుంచి ఆయన గుర్రం సంగతులు చెబుతూనే ఉన్నాడు, ఎక్కమని మాత్రం అనలేదు. ఆమె అడగలేదు. ఆయన మీద కోపం వచ్చిందా అంటే ఇప్పటికీ చెప్పలేకపోతుంది. బావి దగ్గర ఆయన తలపాగా విప్పి మొహం కడుక్కునే తీరు తలుచుకుంటే చేతిలో పని ఆగిపోతుంది. ఆ చెయ్యి తలుచుకున్నప్పుడు మాత్రం తను ఏమనుకోవాలో ఆమెకి తెలియదు.

పెరట్లో గదులు కాగితంలో గీసినట్టే లేచాయి, తూర్పు తలుపుతో, టైల్స్ తో సహా. ఇప్పుడా దొడ్డి అమ్మకానికొచ్చింది. కసబ్లాంకాలో ఉండే అన్న ఖద్దూర్ ఫోన్ చేశాడు. “బర్కూక్ మీ ఇంటికి వెళ్లిపోతే ఇక అక్కడేముంది చెల్లీ? బీట్ దుంపల గిడ్డంగి వాళ్లు అడుగుతున్నారు. మూడోవంతు నీది, సోమవారం వచ్చి సంతకం పెట్టు.” బతూల్ “సరే” అంది. గుర్రం వస్తున్నది శుక్రవారం. గుర్రం లేకపోతే దొడ్డికి వెళ్లడానికి తనకి ఏ కారణమూ ఉండదు. ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగితే చెప్పడానికి ఒక మాట ఉండాలి కదా. ఇన్నాళ్లూ గుర్రం ఆ మాట. పొలాల వెంట ఆ పావుగంట నడక, తిరిగి రావడానికి ఇంకో పావుగంట, మధ్యలో అంజూర చెట్టు కింద కూర్చుని ఎవరికీ ఏమీ అందించనక్కర్లేని కాసేపు. వీటిని ఆమె ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. కాగితంలో వంటింటి తలుపునుంచి గుర్రం గదికి ఆరడుగులు అని రాసి ఉండటం చూశాక తీసుకుంది.

శుక్రవారం నమాజు తర్వాత, ఉరుసులో బూషయిబ్ తో పాటు గుర్రాలెక్కే రౌతులు భోజనానికి వస్తారు. వాళ్లందరి ముందు గుర్రాన్ని కొత్త గదిలోకి తేవాలని బూషయిబ్ ముచ్చటపడ్డాడు.

“పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తెచ్చేద్దాం,” అంది బతూల్.

“పొద్దున్న చూసేదెవరు? పావుగంట నడకకి చచ్చిపోతుందా?”

ఆమె తెల్లవారుజామునే కూస్కూస్ కి కూరగాయలు తరిగింది. అత్త చెప్పినట్టు టైల్స్ సబ్బునీళ్లతో కడిగింది. ఒంటిగంటకి కూస్కూస్ రవ్వని రెండో ఆవిరికి పెట్టి, మంట తగ్గించి, దొడ్డికి బయల్దేరింది. గుర్రం కాళ్లు తడిపి, తల మీద తడిగుడ్డ కట్టి, నీడ ఉన్న గోడల పక్కనుంచే నడిపించుకొచ్చింది. ఇంకో వంద అడుగుల్లో ఇల్లనగా వీధి మలుపులో బూషయిబ్ నిలబడి ఉన్నాడు. తెల్లటి పొడుగు జెల్లాబా అంగీ వేసుకున్నాడు. ఆమె చేతిలోంచి పగ్గం తీసుకుని, తడిగుడ్డ తీసి ఆమెకిచ్చి, గుర్రంతో ముందు నడిచాడు. బతూల్ గుడ్డ పిండుకుంటూ వెనక నడిచింది.

పెరట్లో ఆరుగురు రౌతులూ, వాళ్ల పెద్ద సీ మాతీ కుర్చీల్లో ఉన్నారు. లల్లా తామూ గుమ్మం మీద పాలు చల్లింది. బూషయిబ్ పగ్గం లాగాడు. బర్కూక్ ముందుకాలు టైల్స్ మీద పెట్టింది. లాడం జర్రున జారింది. మోకాలు గడప అంచుకి కొట్టుకుంది. గుర్రం వెనక్కి తన్నుకుని లేచి నిలబడింది. మోకాలి మీద చర్మం లేచి రక్తం చిమ్మింది. బూషయిబ్ మళ్లీ లాగాడు. అది మెడ బిగించి నాలుగు కాళ్లూ తన్నిపెట్టింది. మూడోసారి పగ్గం కొసతో మూతి మీద కొట్టాడు.

“ఏం బూషయిబ్,” అన్నాడు సీ మాతీ, టీగ్లాసు కింద పెడుతూ, “కొత్త పెళ్లికూతురా, మొగుడింట్లోకి రానంటోంది?”

రౌతులు నవ్వారు. ఒకడు, “బుగ్గన ముద్దు పెట్టుకో, వస్తుంది,” అన్నాడు.

బూషయిబ్ చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ చూసి భార్యకి పగ్గం అందించాడు. “నువ్వు ముందు నడువు. నువ్వంటే దానికి నమ్మకం. నీ వెనకాల వచ్చేస్తుంది.”

బతూల్ పగ్గం అందుకుంది. గుర్రం మెడ మీద చెయ్యేసింది. చెమట, కింద నరం కొట్టుకోవడం. ఆమెకి తెలుసు, అతను అన్నది నిజం. తను ముందు నడిస్తే వస్తుంది. కాలు జారుతుందని తెలిసినా వస్తుంది. ఎందుకంటే ఇంతవరకూ తను తీసుకెళ్లిన చోట దానికి చెడు జరగలేదు. దొడ్డి గుమ్మంలో నాన్న చెయ్యి చాచినప్పుడు తనూ ఇంతే కదా. ఆ చెయ్యి కొట్టలేదు, లాగలేదు. దిగమ్మా అంది. వేరే ఎవరి చెయ్యయినా అయితే గుర్రాన్ని తిప్పుకుని వాగువైపు పారిపోయి ఉండేదేమో. అందుకే ఆయన చేత చాపించారు. ముప్ఫై ఏళ్లకి పైగా ఆమె మేనత్తల మీద కోపం పెట్టుకుంది. నాన్న మీద ఎందుకు పెట్టుకోలేకపోయిందో ఇప్పుడు, తన చేతిలో పగ్గం చూసుకుంటే తెలిసింది.

“నడువు మరి,” అన్నాడు బూషయిబ్. “అందరూ చూస్తున్నారు.”

బతూల్ పగ్గం వదులు చేసి గుర్రాన్ని పెరటి గుమ్మంవైపు తిప్పింది.

“ఎక్కడికి?”

“దెబ్బ తగిలింది. ఉప్పునీళ్లతో కడగాలి. ఉరుసుకి మూడు వారాలే ఉంది.”

“ఇక్కడే కడుగు.”

“ఇక్కడ నిలబడదు, బూషయిబ్. దాన్ని ఈ గదిలోకి నేను తీసుకురాను.”

సీ మాతీ కుర్చీలోంచి లేచాడు. గడప దాకా వెళ్లి, చెప్పు విప్పి అరికాలితో టైల్స్ రాసి చూశాడు. “గచ్చు బాగుంది,” అన్నాడు. “మనుషులకి.”

“కూస్కూస్ ఎవరు వడ్డిస్తారే?” అంది లల్లా తామూ.

“ఆవిరి మీద ఉంది లల్లా. దించుకోవడమే.”

వీధిలో బూషయిబ్ వెంటరాలేదు. పిలవనూ లేదు. గుర్రం కుంటుతోంది. దాని అడుగుకి తగ్గట్టే ఆమె నడిచింది. పావుగంట నడక ముప్పావుగంట పట్టింది. దొడ్డిలో మోకాలు కడిగింది. ఎముకకి ఏమీ కాలేదు. ఊపిరి కుదుటపడ్డాక నీళ్లు పెట్టింది. అంజూర చెట్టు కింద కూర్చుని ఖద్దూర్ కి ఫోన్ చేసింది.

“అన్నయ్యా, సోమవారం నేను రావడం లేదు. నా వంతు అమ్మను.”

“ఏమైంది? బర్కూక్ ఇవాళ మీ ఇంటికి వెళ్లింది కదా?”

“వెళ్లి వచ్చేసింది. ఇక్కడే ఉంటుంది. పాక కప్పు మార్పించాలి. ఒక గది కూడా వేయిస్తాను.”

“గుర్రానికా?”

“నాకు.”

ఖద్దూర్ గొంతు సర్దుకున్నాడు. “వాళ్లకి మాటిచ్చాను చెల్లీ. పోనీలే, అది తర్వాత చూద్దాం. బూషయిబ్ ఏమన్నాడు దీనికి?”

బతూల్ ఆలోచించింది. పెరట్లో నిలబడ్డప్పుడు గానీ, ఇంత దూరం నడిచి వస్తున్నప్పుడు గానీ, అతన్ని అడగాలని ఆమెకి తట్టనే లేదు.

“అడగలేదు,” అంది.