మైకమ్మ ఊపిరి

బస్‌స్టాండులో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ మైకమ్మే. ఇరవయ్యారేళ్ళుగా ఎంక్వయిరీ గదిలో కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పడం ఆమె పని. కంచు కంఠం. కరెంటు పోయిన రోజు కూడా ఆమె మాట ఆఖరి ప్లాట్‌ఫారం దాకా వినిపించిందని డ్రైవర్లు గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున, "ఎనిమిదిన్నర ఎక్స్‌ప్రెస్ ఈరోజు రద్దు..." అని ఊపిరి చాలక ఆగిపోయింది. గాలి అందుకుని, "కాలేదు. ఐదో ప్లాట్‌ఫారం నుంచి బయల్దేరుతుంది" అనేలోపే జనం సామాన్లెత్తుకుని తిట్టుకుంటూ కదిలారు. కొందరు మేనేజరు గది మీదికి దండెత్తారు. బస్సు సగం ఖాళీగా వెళ్ళిపోయింది.

మేనేజరు నెమ్మదస్తుడు. కేకలెయ్యలేదు.

"అక్కా, ఏడాదిగా చూస్తున్నా. నాలుగు మాటలకోసారి ఆగుతున్నావు. ముందు డాక్టరుకి చూపించుకో. నువ్వొచ్చేదాకా టికెట్ల గుమాస్తాతో ఎలాగో నెట్టుకొస్తాలే."

ఇంటికెళ్ళి చెబితే భర్త తేలిగ్గా తీసేశాడు. గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, రోజుకో పెట్టె సిగరెట్లు ఊదేస్తాడు.

"వయసు మీద పడుతోందే. యాభై రెండంటే మాటలా?"

"మీకు అరవై మూడు. మెట్లు నాకంటే ముందెక్కేస్తున్నారుగా. చొక్కా వేసుకోండి, ఆసుపత్రికెళ్దాం."

అక్కడ ఆమె నోట్లో ఒక గొట్టం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదమన్నారు. "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అంటూ పరీక్ష చేసే కుర్రది పక్కనుంచి తరుముతూనే ఉంది. మూడోసారికి మైకమ్మకి కళ్ళు బైర్లు కమ్మాయి.

డాక్టరు వయసులో చిన్నదే. కాగితం మీద గీత చూపించింది.

"ఊదిన మొదటి సెకనులోనే ముప్పాతిక భాగం గాలి బయటికి రావాలమ్మా. మీకు సగం కూడా రాలేదు."

"నాకు లోపలికి పీల్చుకోవడమే కష్టంగా ఉంది తల్లీ. బయటికి రావడం గురించి చెబుతావేంటి?"

"మీ బస్‌స్టాండులో బస్సునే చూడండి. దిగాల్సినవాళ్ళు దిగకపోతే, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కడ నిలబడతారు? మీ గాలిగొట్టాలు వాచి సన్నబడ్డాయి. పాత గాలి లోపలే చిక్కుకుపోతోంది, కొత్త గాలికి చోటు లేదు."

మైకమ్మకి వెంటనే అర్థమైంది. పండగల రద్దీలో ఆ గుమ్మం దగ్గరి తోపులాట ఆమె ఎన్నిసార్లు చూడలేదు గనక.

డాక్టరు ఇంకో మాట కూడా దాచలేదు. ఊపిరితిత్తుల చివర సన్నసన్నని గాలిబుడగలుంటాయనీ, వాటి పల్చటి గోడల గుండానే ప్రాణవాయువు రక్తంలో కలుస్తుందనీ, చెడుగాలి బయటికొస్తుందనీ చెప్పింది. "వాటిలో కొన్ని గోడలు తెగిపోయాయి. తెగినవి మళ్ళీ రావు. ఉన్నవాటిని మాత్రం గట్టిగా కాపాడుకోవచ్చు. పొగ తాగుతారా?"

"నేనా? జన్మలో ముట్టలేదు."

"మీ చుట్టుపక్కల?"

మైకమ్మ ఆలోచించింది. చిన్నప్పుడు అమ్మ పక్కన కట్టెల పొయ్యి ఊదింది. తర్వాత ఇరవయ్యారేళ్ళు కిటికీ కింద ఇంజన్లు ఆపని బస్సులు. ఇంట్లో... ఆమె తల తిప్పక ముందే భర్త జేబు మీద చెయ్యేసుకున్నాడు.

"ఎవరు తాగిన పొగో ఊపిరితిత్తులు అడగవు కదా బాబాయ్" అంది డాక్టరు.

బయటికొచ్చాక అతను సిగరెట్టు పెట్టె చెత్తబుట్టలో పడేశాడు. వారానికే ఒకటి దొంగతనంగా కాల్చి దొరికిపోయాడు కూడా. "ఇంకోసారి దొరికితే మీ సంగతి మైకులో చెప్తా" అంది మైకమ్మ. అన్నంత పనీ చేసే మనిషని అతనికి తెలుసు.

రోజూ మందు పీల్చుకోవడం, వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో వ్యాయామం మొదలయ్యాయి. ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలమన్నారు. ఇంట్లో పప్పు కలుపుతూ, బట్టలు మడతపెడుతూ అదే సాధన. మొదటి నెల ఆరు నిమిషాల్లో రెండొందల ఎనభై మీటర్లు నడిచి కూలబడింది. మూడో నెలకి మూడొందల అరవై. "ఇంకా నడుస్తా, ఆపకు" అని గడియారం పట్టుకున్న కుర్రదాన్నే కసిరింది.

తిరిగి డ్యూటీకొచ్చిన రోజు మేనేజరు దగ్గర రెండు కోరికలు పెట్టింది. గదిని బస్సుల పొగ తగలని పార్సిల్ ఆఫీసు వైపుకి మార్చాలి. ఆగిన బస్సుల ఇంజన్లు ఆపించాలి.

"మొదటిది నా చేతిలో ఉంది. రెండోది డ్రైవర్లు వినాలిగా అక్కా" అన్నాడతను.

"వింటారు. మైకు నా చేతిలో ఉంది."

ప్రకటనలన్నీ తనే కూర్చుని తిరగరాసింది. మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకున్నా అర్థం చెడకుండా, ఒక్కో విషయం ఒక్కో చిన్న వాక్యం. జనానికీ అదే బాగుంది. ఇదివరకటికన్నా స్పష్టంగా వినబడుతోందన్నారు.

పెదాలు చుట్టి గాలి వదిలి, తీరిగ్గా నిండా పీల్చి, కొత్త గదిలోంచి మొదటిసారి మైకు నొక్కింది.

"రెండో ప్లాట్‌ఫారం బస్సుకి ఇంకా పావుగంట టైముంది. డ్రైవరన్నా, ఇంజను ఆపు."

ప్లాట్‌ఫారమంతా అటు తిరిగి చూసింది. పొగ కక్కుతున్న బస్సు ఒక్క కుదుపుతో ఊరుకుంది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యెత్తి నవ్వాడు. మైకమ్మ తర్వాతి కాగితం అందుకుంది.